ఇరుసుకు ముందు, ఇరుసుకు వెనక

వేబ్రిడ్జి ఆపరేటర్ చేతికిచ్చిన చీటీలో 1,630 కిలోలు అని ఉంది. మా మారుతి జిమ్నీ బండికి సామానుతో, మనుషులతో కలిపి కంపెనీ అనుమతించిన బరువు 1,545. గండికోటకు తెల్లవారుజామున బయలుదేరాలని ముందురోజు రాత్రే సామానంతా సర్దేశాం. బెంగళూరులో కేఆర్ పురం వైపు లారీలు తూచే చోటికి సరదాగా వెళ్ళాం. ముగ్గురం బండి దిగకుండానే తూయించాం. చీటీ చూశాక ఎవరికీ మాట రాలేదు.

మా ఊళ్ళో దీన్ని కాటా వేయించడం అంటారు. క్యాంపింగుకు వెళ్ళే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా ఈ పని చేయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. బరువు విషయంలో మన అంచనాలు ఎప్పుడూ తక్కువే ఉంటాయి. లెక్క చూడండి. ఐదు తలుపుల జిమ్నీ ఖాళీ బరువు దాదాపు 1,200 కిలోలు. అనుమతించిన 1,545లోంచి అది తీసేస్తే మిగిలేది 345. నలుగురు పెద్దవాళ్ళు ఎక్కితే అందులో 280 అక్కడికక్కడే ఖర్చు. మిగిలిన 65 కిలోల్లో టాప్ మీది ఇనుప క్యారియర్ ఒక్కటే 30 తింటుంది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు పెడితే ఇక ఏమీ మిగలదు. టెంటు, స్టవ్, పరుపులు ఇంకా ఎక్కించనే లేదు. కొండలెక్కే బండి కదా, ఎంతైనా మోస్తుందిలే అనుకుంటాం. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నంత మాత్రాన చాసిస్, స్ప్రింగులు, బ్రేకులు మోయగలిగే బరువు పెరగదు.

ఆ రాత్రి ఇంకో పని కూడా చేశాం. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద ఉంచి మళ్ళీ తూయించాం. ముందు ఇరుసు మీద 740, అంటే వెనక ఇరుసు మీద 890. మొత్తం బరువు కంటే ఈ తేడానే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అది చూడగానే మా నాయన గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు మాకు ఎడ్లబండి ఉండేది. చెనిక్కాయ మూటలు ఎత్తాక, ఎద్దులను కట్టే ముందు నాయన కాడిని చేత్తో పైకెత్తి చూసేవాడు. కాడి దానంతటదే లేస్తోందంటే మూటలు వెనక ఎక్కువైనట్టు, ఎత్తలేకపోతే ముందు ఎక్కువైనట్టు. మొదటి పక్షంలో ఎద్దుల గొంతుకు పలుపు బిగుస్తుంది, రెండో పక్షంలో మెడలు పుండ్లు పడతాయి. "మెడ మీద బరువు తెలిసీ తెలియనట్టు ఉండాల నాయనా" అనేవాడు. మిట్ట ఎక్కాల్సి వస్తే ఒక మూట ముందుకు జరిపేవాడు. బండి వెనక్కి వాలినప్పుడు ఇరుసు కంటే ఎత్తులో ఉన్న బరువంతా ఇరుసు వెనక్కి జరుగుతుందని ఆయనకు చేతికే తెలుసు.

కారుకు రెండు ఇరుసులున్నా ఆ లెక్క మారదు. జిమ్నీ ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య దూరం 259 సెంటీమీటర్లు. వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు అవతల, తలుపు పక్కన, 40 కిలోల నీళ్ళ క్యాన్లు పెట్టామనుకోండి. వెనక ఇరుసు మీద పడేది 40 కాదు, దాదాపు 52. ఆ ఎక్కువైన 12 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి వచ్చినవే. వెనక ఇరుసు ఆనుకోలుగా మారి ముందు భాగాన్ని పైకి లేపుతుంది, చిన్నప్పటి తూగుడుబల్లలాగా. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగ్ తేలిపోతుంది, గులకరాళ్ళ మలుపులో బండి తిప్పిన చోటికి కాకుండా నేరుగా పోవాలని చూస్తుంది. అందుకే బరువైనవి రెండు ఇరుసుల మధ్య, ముందు సీట్ల వెనకగా, నేల మీద ఉండాలి. నీళ్ళు, పనిముట్లు, బ్యాటరీ అక్కడికి. పరుపులు, దుప్పట్లు, బట్టలు వెనక్కీ పైకీ.

ఇక టాప్. క్యారియర్ మీద సామాను కట్టుకుని పోయే బండి ఫొటోలో చాలా బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ అక్కడ పెట్టే ప్రతి కిలో ఎంత ఖరీదైనదో లెక్క వేసి చూడాలి. 1,500 కిలోల బండి గురుత్వ కేంద్రం నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. టాప్ మీద, 195 సెంటీమీటర్ల ఎత్తులో, 80 కిలోలు కడితే ఆ కేంద్రం 76కి చేరుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లయితే, పక్కకు వాలుతూ బండి పల్టీ కొట్టే హద్దు కోణం 45 డిగ్రీల నుంచి 42.5కి దిగుతుంది. రెండున్నర డిగ్రీలేగా అనిపించవచ్చు. ఇది కదలకుండా నిలబెట్టిన బండి లెక్క. నడిచే బండిలో స్ప్రింగులు ఒరుగుతాయి, ఒక చక్రం రాయెక్కితే ఇంకోటి గుంతలో దిగుతుంది. ఒకసారి ఊగడం మొదలయ్యాక పైన ఉన్న బరువు ఊపును ఆపనివ్వదు, ఊగే అక్షం నుంచి దాని దూరం రెట్టింపైతే ఆపడానికి నాలుగు రెట్ల శ్రమ పడాలి. పల్టీలను అంచనా వేయడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వాడే కొలత కూడా ఇదే: చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తారు. మామూలు కార్లకు అది 1.3 నుంచి 1.5 మధ్య ఉంటుంది, ఎస్‌యూవీలకు 1.0 నుంచి 1.3. మన ఉదాహరణలో అది 1.0 నుంచి 0.92కి పడిపోయింది.

ఇక్కడే చాలామందికి ఒక సందేహం వస్తుంది. మాన్యువల్లో టాప్ మీద ఇంతే పెట్టమని చిన్న అంకె ఉంటుంది కదా, మరి టాప్ టెంటులో ఇద్దరు ఎలా పడుకుంటారు? మాన్యువల్లోది బండి నడిచేటప్పటి అంకె. ఆగిన బండి మీద మనిషి బరువు నిలకడగా కిందికి దిగుతుంది. నడిచేటప్పుడు ప్రతి గుంతా ఆ బరువును ఎగరేసి కుదేస్తుంది, అప్పుడు 50 కిలోలు 100 అవుతాయి, పైగా పక్కలకూ లాగుతాయి. మాన్యువల్ అంకెలో క్యారియర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుందా అన్నది చదివి చూసుకోవాలి.

గాలి సంగతి. బెంగళూరు ఎత్తులో, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, టాప్ మీది సామాను గాలికి అర చదరపు మీటరు కంటే కాస్త తక్కువ అడ్డం నిలిచినా, అది దాదాపు 17 కిలోల బలంతో బండిని వెనక్కి లాగుతుంది. 80కి తగ్గితే 11 కిలోలే. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం టాప్ మీద పెద్ద పెట్టె పెడితే మైలేజీ ఊళ్ళో 2 నుంచి 8 శాతం, గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో 10 నుంచి 25 శాతం తగ్గుతుంది. అదే పెట్టె బండి వెనక తగిలిస్తే నష్టం చాలా తక్కువ, కాకపోతే ఆ తూగుడుబల్ల గొడవ ఉండనే ఉంది.

పోయిన ఏడాది హార్స్‌లీ హిల్స్ వెళ్తూ మదనపల్లెకు ముందు టీ కోసం ఆగినప్పుడు, టాప్ మీది పట్ట సగం ఊడి వేలాడుతోంది. నేను ఐదారు ముళ్ళు వేసి కట్టిన తాడు అది. పక్కన ఆగిన లారీ క్లీనర్ కుర్రాడు కాసేపు చూసి, అడక్కుండానే టైరెక్కి నా ముళ్ళన్నీ విప్పేశాడు. తాడును క్యారియర్ పైపు చుట్టూ రెండు చుట్లు తిప్పి, మిగిలిన కొసను రెండు వేళ్ళతో పట్టుకుని, ఇంకో చేత్తో పట్టను గుంజి చూపించాడు. ఇంచు కూడా కదల్లేదు. "పట్టేది ముడి కాదన్నా, చుట్టు" అన్నాడు.

అతను చూపించినదానికి 18వ శతాబ్దంలోనే గణితవేత్త ఆయిలర్ సూత్రం రాశాడు. పైపు చుట్టూ తిరిగే తాడులో ప్రతి చిన్న ముక్కా పైపును ఒత్తుతుంది, ఆ ఒత్తిడి వల్ల రాపిడి పుడుతుంది, ఆ రాపిడి తర్వాతి ముక్క మీద లాగుడును కొంత తగ్గిస్తుంది. తగ్గుదల చుట్టు చుట్టుకూ కూడుకోదు, హెచ్చవేసుకుంటూ పోతుంది. మామూలు తాడు, ఇనుప పైపు మధ్య రాపిడి గుణకం 0.3 అనుకుంటే ఒక్క చుట్టుకు లాగుడు ఆరున్నర వంతులు తగ్గుతుంది, రెండు చుట్లకు 43 వంతులు, మూడుకు 280 దాటుతుంది. రెండు వేళ్ళ మధ్య రెండు కిలోల బలం ఉంటే, అవతల 86 కిలోల లాగుడును అది ఆపగలదు. చివరన వేసే ముడి ఆ రెండు కిలోలనే చూసుకుంటుంది, అందుకే ఎప్పుడూ బిగుసుకుపోదు, విప్పడానికి గోళ్ళు విరగవు. నా ఐదు ముళ్ళు మాత్రం మొత్తం బరువు తామే మోయబోయి జారిపోయాయి.

ఆ కుర్రాడు తాడు గురించి ఇంకొకటి కూడా చెప్పాడు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, ఎండలో బిగించింది వానలో వదులైపోతుంది. పళ్ళ చక్రంతో బిగించే రాచెట్ పట్టీలు పాలిస్టర్‌తో నేస్తారు, అవి చాలా తక్కువ సాగుతాయి, అందుకే ఇప్పుడు నేను వాటినే వాడుతున్నాను. పట్టీ బల్లపరుపుగా గాలికి ఎదురు నిలిస్తే కొట్టుకుంటూ వీణ తీగలా మోగుతుంది, ఆ మోతతో పాటు అంచులూ అరుగుతాయి. కట్టే ముందు ఒక్క మెలిక తిప్పితే గాలి పట్టీ పొడవునా ఒకే తాళంలో కొట్టలేదు, మోత ఆగిపోతుంది. సామాను కింద పాత రబ్బరు చాప ముక్క పరిస్తే పట్టీకి సగం పని తగ్గుతుంది, ఎందుకంటే పక్కకు జారకుండా ఆపేది చాలావరకు ఆ రాపిడే.

ఆ ప్రయాణం నుంచి వచ్చాక బండి కడుగుతుంటే క్యారియర్ కాలి దగ్గర వెల్డింగ్ అంచున వెంట్రుకంత గోధుమరంగు గీత కనిపించింది. గోటితో గీకితే పోలేదు. అది తుప్పు మరక కాదు, పగులు, లోపలికి తడి వెళ్ళి తుప్పు బయటికొచ్చింది. ఒక్కసారిగా విరిచే బలం ఏదీ అక్కడ పడలేదు. చిన్న చిన్న కుదుపులు వేలసార్లు పడ్డాయి, వెల్డింగ్ ముగిసే అంచు దగ్గర ఒత్తిడి అంతా పోగుపడింది. లోహం అలసిపోతుంది అంటే ఇదే. చేసిచ్చిన షాపులో మళ్ళీ అతికించారు గానీ నా నమ్మకం తిరిగి రాలేదు. కొత్తగా చేయించేవాళ్ళకు ఒక మాట: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చవద్దంటుంది, శాశ్వతంగా ఏదైనా బిగించే ముందు ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి.

బండి లోపల పెట్టినవాటినీ కట్టాలి. దీని మీద నేను ఎంత చెప్పినా తక్కువే. 50 కిలోమీటర్ల వేగంలో దేన్నైనా గుద్ది బండి 60 సెంటీమీటర్లలో ఆగిందనుకోండి, వెనక వదిలేసిన ఇరవై లీటర్ల క్యాన్ దాదాపు 330 కిలోల బలంతో ముందుకు దూసుకొస్తుంది. ముందు సీట్లో తల ఉండేది సరిగ్గా దాని దారిలోనే. సగం ఖాళీ అయిన క్యాన్‌తో ఇంకో ఇబ్బంది, మలుపు మలుపుకూ నీళ్ళు అవతలి గోడను కొడతాయి. అందుకే ఒక పెద్ద డ్రమ్ము కంటే నిండుగా నింపిన చిన్న క్యాన్లు మేలు, ఒకటి పూర్తిగా ఖాళీ చేశాకే రెండోది తెరవాలి. జెర్రీ క్యాన్ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. 1937లో జర్మన్ సైన్యం కోసం తయారైన ఆ ఇరవై లీటర్ల డబ్బాకు మూడు పిడులు. నిండుది ఒక్కరే మోస్తే మధ్య పిడి, ఇద్దరు మోస్తే చెరొక పక్క పిడి, ఖాళీవైతే రెండు డబ్బాల పక్క పిడులు కలిపి ఒకే చేత్తో పట్టుకోవచ్చు. పక్కల మీది ఆ ఇంటూ గుర్తు అలంకారం కాదు, ఎండకు లోపలి ద్రవం ఉబ్బితే రేకు సాగడానికి చోటు.

వేబ్రిడ్జి నుంచి ఇంటికొచ్చి పదకొండు గంటలకు అన్నీ దింపాం. మొదట నీళ్ళు. గండికోటకు పదిహేను కిలోమీటర్ల ముందు జమ్మలమడుగు ఉంది, అక్కడ నీళ్ళు దొరుకుతాయి. అలాంటప్పుడు బెంగళూరు నుంచి అరవై లీటర్లు మోసుకెళ్ళడమెందుకు? ఇరవై ఉంచి మిగతా నలభై మొక్కలకు పోశాం. క్యారియర్ బోల్టులు విప్పి బాల్కనీలో పెట్టాం. ఐస్ బాక్సు, కుర్చీలు, మడత బల్ల ఇంట్లోనే ఉండిపోయాయి. ఉన్న ఒక్క క్యాన్‌నూ ముందు సీటు వెనక నేల మీదికి తెచ్చి, పట్టీ చుట్టి బిగించాం. తెల్లవారుజామున పోతూ మళ్ళీ కాటా వేయించాం: ముందు 730, వెనక 790, మొత్తం 1,520. టైర్లలో గాలి డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన పట్టిక ప్రకారం, నిండు బరువుకు చెప్పినంత కొట్టించాం.

కదిరిలో ఇడ్లీకి ఆగినప్పుడు వెనక తలుపు తీసి పట్టీలు చూశాను. కుదుపులకు సామాను సర్దుకుని పట్టీ కాస్త వదులైంది. రాచెట్ పిడి లాగితే ఇంకో రెండు పళ్ళు బిగిసింది.