నడక వేగంలో తగిలే దెబ్బ

పిల్లలూ,

పోయిన వారం ఫోన్లో మీలో చిన్నవాడు ఒక సంగతి చెప్పాడు. ఇంటి ముందు ఒక డెలివరీ వ్యాన్ వెనక్కి వస్తూ గేటు స్తంభాన్ని గుద్దిందట. “అంత మెల్లగా వస్తున్న బండి గుద్దడమేంటి తాతయ్యా? బ్రేకు వేస్తే ఆగిపోదా?” అన్నాడు. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఫోను పెట్టేశాక మనసు ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్లు పార్శిళ్ల వ్యాన్ నడిపినవాణ్ణి, సరిగ్గా ఆ తప్పే చేసినవాణ్ణి. జవాబు చెప్పాల్సింది నేనే.

ముందు లెక్క చూద్దాం. గంటకు 5 కిలోమీటర్లంటే మనిషి నడక. ఆ వేగంలో బండి సెకనుకు దాదాపు 1.4 మీటర్లు జరుగుతుంది. ఏదో అడ్డం వచ్చిందని డ్రైవరుకి తట్టి, కాలు బ్రేకు మీదికి వెళ్లి నొక్కేసరికి ఒక సెకను, ఒక్కోసారి ఒకటిన్నర సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే బండి ఒకటిన్నర, రెండు మీటర్లు వెళ్లిపోయింది. పెద్ద రోడ్డు మీద రెండు మీటర్లు ఎవరికీ లెక్కలోకి రావు. ఇరుకు సందులో బండికీ గోడకీ మధ్య ఉండేదే అర మీటరు!

దెబ్బ కూడా చిన్నదేం కాదు. సరుకుతో కలిపి 3 టన్నులున్న వ్యాన్ ఆ నడక వేగంలో తగిలితే, 100 కేజీల మూటను 3 మీటర్ల ఎత్తు నుంచి పడేసినంత. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. “మెల్లగానే తగిలిందిలే” అని డ్రైవర్లు అంటుంటే నాకు ఒళ్లు మండేది అందుకే.

అయితే ఈ లెక్కంతా డ్రైవరుకి ఎదురుగా ఉన్నది కనబడితేనే. అసలు కనబడకపోతే? నాకు జరిగింది అదే.

ఒక మధ్యాహ్నం ఒక ఇంట్లో పార్శిల్ ఇచ్చి, సంతకం తీసుకుని, గబగబా బండెక్కాను. ఇంకా నలభై ఇళ్లు మిగిలాయి. ఫోన్లో తర్వాతి అడ్రసు చూస్తూనే రివర్స్ గేరు వేశాను. ఎడమ అద్దం చూశాను, కుడి అద్దం చూశాను, ఖాళీగానే ఉంది. క్లచ్ మీద మెల్లగా వదిలాను. వెనక కర్రుమని చప్పుడు. దిగి వెళ్తే, నా మోకాలంత ఎత్తు సైకిలొకటి బండి కింద ఉంది. ముందు చక్రం ఎనిమిది అంకెలా వంకరపోయింది. హ్యాండిలుకి కట్టిన ఎర్ర రిబ్బను ఇంకా గాలికి ఊగుతూనే ఉంది. ఆ పిల్ల మంచినీళ్లకని లోపలికి వెళ్లిందట, అప్పుడే బయటికొచ్చి, “అంకుల్, నా సైకిల్ ఎందుకు తొక్కేశారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. నీళ్లు తాగడానికి వెళ్లకుండా సైకిలు మీదే కూర్చుని ఉంటే? ఆ ఆలోచనతో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నేను వచ్చి ఆగినప్పుడు ఆ సైకిలు అక్కడ లేదు. నేను దిగి, తలుపు కొట్టి, సంతకం తీసుకున్న మూడు నిమిషాల్లో వచ్చింది. ఇదే మీరు పట్టుకోవాల్సిన కిటుకు. ఆగిన బండి చుట్టూ లోకం ఆగదు. డ్రైవరు మాత్రం తను దిగినప్పటి బొమ్మనే మనసులో పెట్టుకుని మళ్లీ ఎక్కుతాడు.

సరుకు వ్యాన్లలో చాలావాటికి వెనక కిటికీ ఉండదు, ఉన్నా అట్టపెట్టెలు అడ్డం. పక్క అద్దాల్లో బండి పక్కలు కనిపిస్తాయి తప్ప సరిగ్గా వెనక ఉన్నది కనబడదు. అక్కడ మీ క్లాసులో సగం మంది కింద కూర్చుని ఆడుకుంటున్నా అద్దంలో ఒక్క జుట్టు వెంట్రుక కూడా కనిపించదు. పైగా పక్క అద్దాలు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. ఎక్కువ మేర చూపించడానికి అలా చేస్తారు, కానీ వాటిలో ప్రతిదీ చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది.

“కెమెరా ఉంటుంది కదా తాతయ్యా” అంటారు, తెలుసు. ఉంటుంది, మంచిదే. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లకీ, చిన్న వ్యాన్లకీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు కూడా. కానీ వానలో దాని మీద ఒక్క చుక్క నిలిచినా, బురద చిమ్మినా అది గుడ్డిదే. బంపర్లో పెట్టే సెన్సర్లు మన చెవికి వినపడని శబ్దాన్ని వదిలి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగడతాయి. గోడనైతే బాగా పట్టుకుంటాయి. సన్నటి ఇనప కడ్డీనీ, బాగా కింద ఉన్న రాయినీ, పైన వంగిన కొమ్మనీ ఒక్కోసారి వదిలేస్తాయి. వాటిని సాయంగా ఉంచుకోవచ్చు, కళ్లు మాత్రం వాటికి అప్పగించకూడదు.

వెనక్కి వచ్చే బండి “పీక్ పీక్” మంటుంది చూశారా, దాన్ని జపాన్‌లో యమగుచి ఎలక్ట్రిక్ అనే కంపెనీ 1963లో మొదట తయారు చేసింది. దాంతో ఒక చిక్కుంది. అది ఒకటే స్వరం కాబట్టి ఏ వైపు నుంచి వస్తోందో మన చెవి తేలిగ్గా పోల్చుకోలేదు. అందుకే ఇప్పుడు కొన్ని బళ్లు “ష్‌...ష్‌” మని బుస కొడతాయి. అందులో ఎన్నో స్వరాలు కలిసి ఉంటాయి గనక, రెండు చెవులకీ చేరే తేడాని బట్టి మెదడు దిక్కు చప్పున కనిపెడుతుంది.

మా బళ్లతో ఇంకో తంటా ఉంది, వెనక చక్రాల తర్వాత కూడా బండి పొడవుగా సాగి ఉండటం. స్టీరింగు కుడికి తిప్పి కదిలితే ముందుభాగం కుడికి పోతుంది, తోక మాత్రం కొంచెం ఎడమకి విసురుతుంది. గోడకి ఆనించినట్టు నిలబెట్టిన బండిని ఒక్కసారిగా స్టీరింగు తిప్పి బయటికి తీస్తే, వెనక మూల ఆ గోడని గీకేస్తుంది. డ్రైవరేమో ముందుకి చూస్తుంటాడు. కొత్త డ్రైవర్ల బండి మీద సొట్టలు ఎక్కువగా ఎక్కడుంటాయో చూడండి, వెనక మూలల్లోనే.

సైకిలు సంగతి అయ్యాక నాకొక అలవాటు పట్టుకుంది. పార్శిల్ ఇచ్చి వచ్చేటప్పుడు నేరుగా నా తలుపు దగ్గరికి పోకుండా, బండి వెనక నుంచి తిరిగి, వెనక తలుపు మీద చెయ్యి వేసి, అప్పుడు ఎక్కేవాణ్ణి. “ఏంటి గురూ, బండికి ప్రదక్షిణా?” అని తోటి డ్రైవర్లు ఆటపట్టించేవారు. పూర్తిగా చుట్టూ తిరిగితే పదిహేను సెకన్లు, రోజుకి నూరు ఇళ్లంటే ఇరవై ఐదు నిమిషాలు. లెక్క చూపించి మేనేజరు మొహం మాడ్చుకుంటాడు, అందులో తప్పు లేదు. వెనక నుంచి తిరిగి రావడమైతే నాలుగైదు సెకన్లే. ఎక్కాక వెంటనే కదలాలి, ఫోను చూస్తూ కూర్చుంటే చూసొచ్చింది పాతబడిపోతుంది. కాబట్టి అడ్రసు ముందే చూసుకోవాలి.

నన్నడిగితే అన్నిటికంటే మేలు అసలు రివర్సే లేకుండా చేసుకోవడం. బయల్దేరేటప్పుడు ముందుకి పోయేలా బండి నిలపాలి. వెనక్కి పెట్టక తప్పకపోతే, వచ్చిన వెంటనే పెట్టాలి. అప్పుడైతే ఆ చోటు ఇప్పుడే కళ్లారా చూసి ఉంటాం. సందు మరీ ఇరుకైతే బండి బయటే ఆపి నలభై అడుగులు నడిస్తే ఏం పోదు. నలభై అడుగులు ఆదా చేద్దామని సందులోకి దూరి, తిరగలేక నానా తంటాలు పడినవాళ్లని ఎంతమందిని చూశానో.

దారినపోయేవాళ్ల సాయం మాత్రం జాగ్రత్త. “రానీ, రానీ, ఇంకా రానీ” అని ఉత్సాహంగా చేతులూపుతారు, “ఆగు” అనేది గోడ తగిలాకే. సైగ చేసే మనిషి అద్దంలో కనబడకుండా పోయాడంటే, ఎక్కడున్నా సరే బండి ఆపేయాల్సిందే.

వాలు మీద హ్యాండ్‌బ్రేకు వేయకుండా దిగిపోతే డ్రైవరు లేని బండే జారిపోయి గుద్దుతుంది. అందుకే హ్యాండ్‌బ్రేకు, గేరు, బండి జారినా పేవ్‌మెంటు అంచుకి తగిలి ఆగేలా చక్రాలు తిప్పి ఉంచడం, మూడూ నేను వదలలేదు. తలుపు తీసేటప్పుడు తలుపుకి దూరంగా ఉండే చేత్తో తీస్తే ఒళ్లు తనంతట తనే వెనక్కి తిరుగుతుంది, వచ్చే సైకిలు కళ్లబడుతుంది. కారు దిగేటప్పుడు మీరూ అలాగే చేయండి.

మీ వైపు నుంచి ఒక చిన్న పరీక్ష ఉంది. బండి పక్కన నిలబడి దాని అద్దంలోకి చూడండి. అందులో డ్రైవరు మొహం కనిపించకపోతే, అతనికీ మీరు కనిపించరు. వెలుతురు అటు నుంచి ఇటు వచ్చే దారిలోనే ఇటు నుంచి అటూ పోతుంది. వెనక తెల్ల లైటు వెలిగిందంటే రివర్స్ గేరు పడినట్టే, బంతి పోతే పోనీ, పక్కకి వచ్చేయండి.

ఇక తోక విసురు సంగతి నా మాట మీద నమ్మొద్దు. ఒక అట్టపెట్టె తీసుకోండి. పొడవులో వెనక నుంచి మూడో వంతు దగ్గర, అడ్డంగా మధ్యలో కింద నుంచి పెన్సిలు గుచ్చండి. పెట్టెని కాగితం మీద పెట్టి, దాని అంచు వెంట గీత గీసి, ఆ పెన్సిలు చుట్టూ ముందుభాగాన్ని కొంచెం కుడికి తిప్పండి. ఎడమ వైపు వెనక మూల గీత దాటి ఎంత బయటికి వచ్చిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి. చిన్నవాడికి స్కేలు ఇవ్వండి, ప్రశ్న వాడిదే కదా.

మీ
తాతయ్య