టీబీ మందులు, ప్రొటీన్ నిర్మాణాలు: అపోహలు - వాస్తవాలు

క్షయ బ్యాక్టీరియాలోని ప్రొటీన్లు ఏ ఆకారంలో ఉంటాయో, వాటిలో మందు ఎక్కడ కూర్చుంటుందో పరమాణువుల స్థాయిలో తెలుసుకోవడం మా పని. దీన్ని స్ట్రక్చరల్ బయాలజీ అంటారు. బంధువులు, విద్యార్థులు, అప్పుడప్పుడు డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదే పదే కనిపిస్తుంటాయి. వాటి గురించే ఇది.

అపోహ: టీబీకి మందులున్నాయి కదా, కొత్తవి ఎందుకు?

ఉన్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. మామూలు టీబీ అయితే ఆరు నెలల కోర్సు మధ్యలో ఆపకుండా వాడిన వాళ్లలో ఎక్కువ మందికి నయమవుతుంది. ఇబ్బందల్లా మందులకు లొంగని టీబీతోనే. ముఖ్యమైన మందులైన ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచేయకపోతే దాన్ని ఎండీఆర్ టీబీ అంటారు. 2023లో ప్రపంచవ్యాప్తంగా కోటీ 8 లక్షల మంది టీబీ జబ్బు పడ్డారనీ, 12.5 లక్షల మంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కొత్త కేసుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశానివే.

అపోహ: ముందు ప్రొటీన్ నిర్మాణం కనిపెడతారు, తర్వాత దానికి సరిపోయే మందు తయారుచేస్తారు.

పాఠ్యపుస్తకాల్లో తాళం, తాళంచెవి బొమ్మ చూసి అందరూ ఇలాగే అనుకుంటారు. టీబీ విషయంలో మాత్రం చాలావరకు మందే ముందు వచ్చింది.

ఐసోనియజిడ్‌నే తీసుకోండి. 1952 నుంచి రోగులకు ఇస్తున్నారు. అది బ్యాక్టీరియాలో ఏ ప్రొటీన్‌ను దెబ్బతీస్తుందో 1994లో గానీ తేలలేదు. ఇన్హా అనే ఆ ఎంజైమ్ నిర్మాణం 1995లో బయటికొచ్చింది. ఆ కాలపు పరిశోధనల్లో క్రమంగా తెలిసిన కథ ఇంకా ఆసక్తికరం. మనం మింగే ఐసోనియజిడ్ ఉన్నది ఉన్నట్టుగా పనిచేయదు. బ్యాక్టీరియాలోనే ఉన్న కాట్‌జీ అనే మరో ఎంజైమ్ దాన్ని చురుకైన రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం బ్యాక్టీరియా లోపలి ఎన్‌ఏడీ అణువుతో కలిసి ఇన్హాలో అతుక్కుపోతుంది. దాంతో కణం గోడకు కావలసిన మైకోలిక్ ఆమ్లాల తయారీ ఆగిపోతుంది. అంటే తనను చంపే మందును ఆ బ్యాక్టీరియా తానే తయారుచేసుకుంటోంది! డెబ్బై ఏళ్లకు పైగా కోట్ల మంది వాడుతున్న మాత్ర లోపలి సంగతి ఇది.

మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ కూడా అంతే. టీబీ బ్యాక్టీరియాకు ప్రమాదం లేని దగ్గరి బంధువు మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్ మీద వేల రసాయనాలు పరీక్షించి దాన్ని పట్టుకున్నారు. మందుకు లొంగని బ్యాక్టీరియా జన్యువులను చదివితే, గురి ఏటీపీ సింథేజ్ అని తేలింది. బ్యాక్టీరియాకు శక్తినిచ్చే యంత్రం అదే. ఆ ఫలితాలు 2005లో వచ్చాయి, అమెరికాలో అనుమతి 2012 డిసెంబరులో వచ్చింది. మందు ఆ యంత్రంలో సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుందో నిర్మాణాలు చూపించింది ఆ తర్వాతే.

మరి నిర్మాణాలతో ఏం లాభం? మందు ఎందుకు పనిచేస్తోందో, ఎందుకు పనిచేయడం మానేసిందో, దాన్ని ఎక్కడ మారిస్తే మెరుగవుతుందో చెప్పేది అవే. నా దృష్టిలో ఈ రంగం అసలు విలువ అక్కడే ఉంది.

అపోహ: నిర్మాణం తెలిస్తే సగం మందు దొరికినట్టే.

ఐసోసిట్రేట్ లయేజ్ అనే ఎంజైమ్ మీద మా రంగంలో ఎన్నో ఆశలు ఉండేవి. అది లేకపోతే టీబీ బ్యాక్టీరియా ఎలుకల్లో ఎక్కువ కాలం నిలవలేదని 2000లో తెలిసింది. దాని నిర్మాణం కూడా అదే ఏడాది వచ్చింది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ ఎంజైమ్‌లో మందు పట్టాల్సిన చోటు చాలా చిన్నది, పైగా పని జరిగేటప్పుడు మూసుకుపోతుంది. అందులో ఇమిడే మంచి మందు అణువు ఈ రోజుకీ ఆసుపత్రి దాకా రాలేదు. తాళం బొమ్మ ఇక్కడే మోసం చేస్తుంది: ప్రొటీన్ కదలకుండా కూర్చునేది కాదు.

ఇంకో చిక్కు ఉంది. గాజు గొట్టంలో ఎంజైమ్‌ను చక్కగా ఆపే రసాయనం బతికున్న బ్యాక్టీరియాను ఏమీ చేయలేకపోవచ్చు. మైనం లాంటి మందపాటి గోడ దాన్ని లోపలికి రానివ్వదు. ఎలాగో లోపలికి వెళ్లినా, పొరలో ఉండే పంపులు బయటికి తోసేస్తాయి.

అపోహ: ఇన్నాళ్లూ టీబీ క్రిములతో పనిచేస్తున్నారు, మీకేం భయం లేదా?

మా బల్ల మీద బతికున్న టీబీ బ్యాక్టీరియా ఉండదు. ప్రొటీన్ తయారీ సూచన ఉన్న జన్యువును మామూలు ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత ప్రొటీన్ తయారుచేయిస్తాం. శుద్ధి చేసిన ప్రొటీన్ ఎవరికీ జబ్బు తెప్పించదు. అసలు క్రిమితో పని ప్రత్యేక భద్రత ఉన్న బీఎస్‌ఎల్-3 ల్యాబుల్లోనే జరుగుతుంది.

అపోహ: ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది, ఇక ల్యాబ్ పనికి సెలవు.

ప్రొటీన్ ఆకారాన్ని కృత్రిమ మేధతో ఊహించే ప్రోగ్రామ్ ఆల్ఫాఫోల్డ్. నిజంగా గొప్ప సాయం. టీబీ బ్యాక్టీరియాలోని దాదాపు 4,000 ప్రొటీన్లకు ఊహాచిత్రాలు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మేమూ రోజూ వాడతాం. అయితే కొత్త రసాయనం ఎక్కడ, ఏ కోణంలో పట్టుకుంటుందో, అది పట్టుకున్నప్పుడు ప్రొటీన్ ఎలా సర్దుకుంటుందో ప్రయోగం చేసి చూడనిదే నమ్మలేం. మందు రూపకల్పనలో ఆ చిన్న తేడాయే కీలకం. అందుకే ప్రొటీన్‌ను శుద్ధి చేయడం, వందల ద్రావణాల్లో స్ఫటికాల కోసం వెతకడం, శక్తివంతమైన ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్ యంత్రాల దగ్గర (ఇందోర్‌లోని ఇండస్-2 లాంటివి) ఆ స్ఫటికాల గుండా ఎక్స్‌రేలు పంపి నిర్మాణం రాబట్టడం ఇంకా సాగుతున్నాయి. స్ఫటికాలు కట్టని పెద్ద ప్రొటీన్లకు గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో చూసే క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది.

అపోహ: మందులు వాడీ వాడీ ఒళ్లు అలవాటు పడిపోతుంది, అందుకే పనిచేయవు.

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ. మారేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. రిఫాంపిసిన్, జన్యువును చదివి ఆర్‌ఎన్‌ఏ నకలు రాసే బ్యాక్టీరియా ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌లో కూర్చుని, తయారవుతున్న ఆర్‌ఎన్‌ఏ బయటికి వచ్చే దారిని మూసేస్తుంది. రెండు మూడు అక్షరాలు రాయగానే పని ఆగిపోతుంది. ఆ చోట 450వ స్థానంలో ఉండాల్సిన సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు ల్యూసీన్ అనే మరొకటి వస్తే చాలు, మందుకు పట్టు దొరకదు. ఇలాంటి మార్పుల్లో అత్యధికం జన్యువులోని 81 అక్షరాల ముక్కలోనే ఉంటాయి. ప్రభుత్వాసుపత్రుల్లో కళ్లె తీసుకుని చేసే సీబీనాట్ పరీక్ష చూసేది ఆ ముక్కనే. ఐసోనియజిడ్‌కు వస్తే, కాట్‌జీ 315వ స్థానంలో మార్పు చాలా మామూలు.

కాబట్టి జీవితంలో ఒక్క టీబీ మాత్ర కూడా మింగని మనిషికి, ఎదుటివాళ్ల దగ్గు నుంచి నేరుగా మొండి టీబీయే సోకవచ్చు. అందులో ఆ మనిషి తప్పేమీ లేదు.

అపోహ: నిర్మాణాలు చూసి చేసిన మందు ఒక్కటైనా ఉందా?

మనుషుల దాకా వచ్చింది ఒకటి చెబుతాను. గాన్‌ఫెబోరోల్ అని, బోరాన్ ఉన్న చిన్న అణువు. ప్రొటీన్ల తయారీకి అవసరమైన ల్యూసిల్ టీఆర్‌ఎన్‌ఏ సింథటేజ్ అనే ఎంజైమ్ దీని గురి. మన కణాల్లోనూ ఇలాంటి ఎంజైమ్ ఉంటుంది కనుక, మనదాన్ని వదిలి బ్యాక్టీరియాదాన్నే పట్టుకునేలా నిర్మాణాల సాయంతో అణువును చెక్కుకుంటూ వచ్చారు. రోగుల్లో 14 రోజులు ఇచ్చి చూస్తే కళ్లెలో బ్యాక్టీరియా తగ్గిందని 2024లో ఫలితాలు వచ్చాయి. టీబీకి ఒక్క మందు ఎప్పుడూ ఇవ్వరు, ఇస్తే బ్యాక్టీరియా త్వరగా మారిపోతుంది. అందుకే ఇతర మందులతో కలిపి వాడినప్పుడు ఇదెలా పనిచేస్తుందో తేలాలి.