పక్షుల ప్రణయ నృత్యాలు: అపోహలు, వాస్తవాలు

పక్షుల ప్రవర్తన మీద పనిచేస్తాను కాబట్టి, డాక్యుమెంటరీ వేసిన చోట సందేహాలు తీర్చమని నన్ను పిలుస్తుంటారు. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "మగది అంత కష్టపడి ఆడుతుంటే, ఆడది ఏంటండీ అలా రాయిలా కూర్చుంది?"

అపోహ: ఆడపక్షి ఉత్త ప్రేక్షకురాలు.

వాస్తవం: ఆటను నడిపేది ఆవిడే. ఇది తెలియక జనం మగదాని ఈకలే చూస్తూ సగం సినిమా వదిలేసుకుంటారు. ఆస్ట్రేలియాలో ఉండే శాటిన్ బోవర్‌బర్డ్ అనే పక్షిలో మగది పుల్లలతో పందిరి కట్టి, నీలం రంగు వస్తువులు పోగేసి, ఆడది రాగానే రెక్కలు విదిలిస్తూ రెచ్చిపోతుంది. జోరు మరీ ఎక్కువైతే ఆవిడ బెదిరి ఎగిరిపోతుంది. గెయిల్ ప్యాట్రిసెల్లి అనే శాస్త్రవేత్త బృందం ఆడపక్షిలా కనిపించే రోబోను పెట్టి, అది వంగినప్పుడు మగవి ఏం చేస్తాయో గమనించింది. ఆ సైగను బట్టి జోరు పెంచుతూ తగ్గిస్తూ ఆడిన వాటికే ఎక్కువ జోడీలు కుదిరాయని 2002లో ప్రచురించారు. న్యూగినీలోని పరోటియా అనే పక్షుల్లో మగది నేల మీద ఆడుతుంటే ఆడవి పైనున్న కొమ్మ మీద కూర్చుని చూస్తాయి. మనకు పక్కనుంచి గౌనులా కనిపించేది పైనుంచి నల్లటి గుండ్రని ఆకారం, అందులో ఉన్నట్టుండి మెరిసే రంగు. కెమెరా కొమ్మ పైకి ఎక్కిన షాట్ వస్తే దయచేసి ఫోన్ చూడకండి.

నెమలి కూడా అంతే. ఒకసారి పొదచాటున కూర్చుని ఉంటే మగనెమలి పురి విప్పి సరిగ్గా మా వైపు వీపు పెట్టింది. పక్కనున్నవాళ్లు ఉసూరుమన్నారు, నాకేమో పండగ. పింఛాన్ని వెనకనుంచి నిలబెట్టే పొట్టి ఈకలే అసలు తోక, అవి వణికినప్పుడే ఆ గలగల శబ్దం. ఆడనెమలి తీరిగ్గా గింజలు ఏరుకుంటోంది. ఆడనెమళ్ల తలకు పరికరం అమర్చి చూపు ఎటు పోతోందో కొలిచిన పరిశోధన ఉంది: ఎక్కువసేపు పరిసరాలే చూశాయి, మగదాన్ని చూసినప్పుడు కూడా పింఛం కింది భాగమే.

అపోహ: ఆడనెమలి మగనెమలి కన్నీళ్లు తాగి గుడ్లు పెడుతుంది.

ఇంకా దీనికి జవాబు రాయాల్సి రావడమే చిరాకు. నెమళ్లు మిగతా పక్షుల్లాగే జతకడతాయి. కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి మీ కంటపడలేదు, అంతే.

అపోహ: ఆడది కాదంటే మగది బెంగతో చచ్చిపోతుంది.

పిల్లలు కళ్లనీళ్లతో అడుగుతారు, వాళ్ల అమ్మలు కూడా. టెన్షన్ వద్దు. కాదనిపించుకోవడం వాటికి రోజూ ఉండేదే, కాసేపటికి మళ్లీ మొదలుపెడతాయి. పొడవు తోక మనాకిన్‌లు అనే చిన్న పిట్టల్లో రెండు మగవి జంటగా ఆడతాయి, జతకట్టేది పెద్దదే, రెండోది తన వంతు కోసం ఏళ్ల తరబడి తోడుగా ఆడుతూనే ఉంటుంది.

అపోహ: రంగులు, ఆటలు మగవాటికే. కాదు. ఫలరోప్‌లు అనే నీటి ఒడ్డు పక్షుల్లో ఆడదే మెరుస్తుంది, మగది గుడ్లు పొదుగుతుంది. గ్రీబ్‌లు అనే నీటిపక్షుల్లో ఇద్దరూ కలిసే ఆడతారు.

అపోహ: డాక్యుమెంటరీల్లో శబ్దాలన్నీ స్టూడియోలో కలిపినవే. చాలావరకు కలుపుతారు, నిజమే, దూరం నుంచి తీసే లెన్స్‌కు అడుగుల చప్పుడు వినపడదు కదా. కానీ క్లబ్-వింగ్డ్ మనాకిన్ చేసే వయొలిన్ లాంటి మోత విని అందరూ "ఇది మాత్రం ఎడిటింగే" అంటారు చూడండి, అది ఆ పిట్ట రెక్కల ఈకలను ఒకదానితో ఒకటి రాపాడించి తీసే అసలు శబ్దం.