చేటలో మిగిలిన కాయలు

గుంటూరు, బ్రాడీపేట

అమ్ములూ, చిన్నోడా,

మీరు వెళ్లి వారమైనా డాబా మీద మిరపఘాటు పోలేదు. నిన్న ట్యాంకు చూడ్డానికి పైకెళ్లిన ప్లంబరు తుమ్ముకుంటూ దిగొచ్చాడు.

ఆ రోజు కాయలు ఏరుతూ "తాతయ్యా, నువ్వు ఆఫీసులో ఏం చేసేవాడివి?" అని అడిగారు. "కంప్యూటర్ పని" అని తప్పించుకున్నాను. మీ నాన్న చిన్నప్పుడు అడిగినా అదే చెప్పాను. అప్పుడు మీ చేతుల్లో జరుగుతున్నదే నా ఉద్యోగం అని తర్వాత తట్టింది.

నాయనమ్మ మీకేం చెప్పింది? నిగనిగలాడే ఎర్రకాయకి తొడిమ తీసి కారానికి. చిన్నకాయ తొడిమతోనే తాలింపుకి. తెల్లబారిన తాలుకాయ పక్కకి. నేనూ అంతే, కాకపోతే నా దగ్గరికి వచ్చేవి కాయలు కావు, రికార్డులు. ఒక్కో వరుసలో ఒక మనిషి: పేరు, ఊరు, జిల్లా, బాకీ. ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రౌటర్ అని ఒకటుంటుంది. దానికి ఒకవైపు నుంచి వరుసలన్నీ వస్తాయి, రెండోవైపు గ్రూపులుంటాయి. ఒక్కో గ్రూపుకి ఒక కండిషన్ రాస్తాం. జిల్లా గుంటూరైతే ఇటు, కృష్ణా అయితే అటు. ఫిల్టర్ అని ఇంకొకటుంది కానీ అది జల్లెడ లాంటిది, ఒక్క కండిషనే చూస్తుంది, కుదరనిది పారేస్తుంది. నాలుగు రకాలు కావాలంటే ఒకే కుప్పని నాలుగుసార్లు జల్లించాలి. రౌటర్ ఒక్కసారి చూసి పంచేస్తుంది.

ఇక్కడ మిరపకాయకీ రికార్డుకీ ఒక తేడా ఉంది. కాయ ఒక కుప్పలోనే పడుతుంది. రికార్డు అలా కాదు. 'జిల్లా గుంటూరు' అని ఒక గ్రూపు, 'బాకీ 50,000 దాటింది' అని ఇంకో గ్రూపు ఉన్నాయనుకోండి. 60,000 బాకీ ఉన్న గుంటూరాయన రెండింట్లోకీ వెళ్తాడు. కొత్తగా చేరిన పిల్లలు ఇది తెలియక రెండు గ్రూపుల్నీ ఒకే టేబుల్‌కి, అంటే వరుసలు చేరే పట్టికకి, కలిపేసి, ఒకే మనిషి రెండుసార్లు ఎందుకొచ్చాడా అని జుట్టు పీక్కునేవాళ్లు. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌ఎస్‌ఐఎస్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో కండిషనల్ స్ప్లిట్ అని ఉంటుంది. అది అచ్చం మీ నాయనమ్మే. వరసగా చూసుకుంటూ వెళ్లి మొదట ఏ కండిషన్ కుదిరితే అందులో వేసేస్తుంది, మిగతావాటి జోలికి పోదు. కాబట్టి అక్కడ కండిషన్ల వరస మార్చితే కుప్పలే మారిపోతాయి.

మరి దేనికీ కుదరని వరుస సంగతి? దానికోసం రౌటర్‌లో డిఫాల్ట్ గ్రూపు అని తనంతట తానే ఉంటుంది. అక్కడే నేను దెబ్బతిన్నాను.

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. నరసరావుపేట పల్నాడు జిల్లాలోకి పోయింది, బాపట్ల తనే జిల్లా అయింది, బెజవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. చిరునామాలు కొత్త పేర్లతో రావడం మొదలైంది. నా రౌటర్‌లో మాత్రం పాత పేర్లే. పల్నాడు అన్న వరుస ఏ గ్రూపుకీ కుదరక డిఫాల్ట్‌లో పడింది. ఆ డిఫాల్ట్‌ని నేను ఏ టేబుల్‌కీ కలపలేదు. కలపకపోతే ఆ వరుసలు అక్కడితో సరి. ఎర్రర్ రాదు, జాబ్, అంటే యంత్రానికి అప్పజెప్పిన పని, సక్సెస్ అనే చూపిస్తుంది. నేను హాయిగా ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నాను.

రెండ్రోజులకి నరసరావుపేట నుంచి ఒకాయన ఫోను. "ఏమండీ, మా ఊళ్లో జనం లేరా?" అన్నాడు. చెమటలు పట్టాయి.

ఆ రోజే డిఫాల్ట్‌కి ఒక టేబుల్ కట్టాను. రోజూ కాఫీ తాగుతూ ముందు దాన్నే తెరిచేవాణ్ణి. ఎన్ని వింతలు దొరికేవో! 'గుంటూరు' పక్కన కంటికి కనపడని ఒక ఖాళీ ఉంటే అది గుంటూరు కాదంటుంది యంత్రం. ఇంకొకటి వినండి. బాకీ 50,000 దాటితే ఒక గ్రూపు, 50,000 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే ఇంకొకటి. ఇక ఎవరూ మిగలరనే కదా అనుకుంటాం? బాకీ గడిలో ఏమీ రాయని మనిషి మిగులుతాడు. సున్నా వేరు, ఏమీ లేకపోవడం వేరు. దాన్ని నల్ అంటారు. అది ఎక్కువా కాదు, తక్కువా కాదు, తిన్నగా డిఫాల్ట్‌కే పోతుంది.

చిన్నోడా, నువ్వు సగం ఎరుపు సగం తెలుపు కాయలు ఎటు వెయ్యాలో తెలియక చేట మూలకి నెట్టావు చూడు, ఎనిమిది. నాయనమ్మ పారబోయబోతే ఆపాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఐదు కారంలోకి, రెండు తాలింపుకీ వేసింది. మిగిలిన ఒక్కదాన్ని తిప్పితిప్పి చూసి "ఏమో, వాడొచ్చాక వాణ్ణే అడుగుదాం" అని కిటికీలో పెట్టింది.

మీ తాతయ్య