గుండె జబ్బు తర్వాత నీరసం: అపోహలు - వాస్తవాలు

అపోహ: నీరసంగా ఉందంటే గుండె ఇంకా కోలుకోనట్టే, విశ్రాంతి తీసుకోవాలి.

వాస్తవం: రిహాబ్‌కి (గుండె జబ్బు తర్వాత వ్యాయామంతో బలం పుంజుకునే శిక్షణకి) వచ్చేవాళ్లు ముందుగా ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు తీసి "పంపింగ్ ఇంతే ఉందండీ" అంటారు. పంపింగ్ అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి నెడుతుందో చెప్పే అంకె. ఆ శాతాన్ని బట్టి మనిషి ఎంత దూరం నడవగలడో చెప్పలేం. పంపింగ్ 35 ఉన్నవాళ్లు మెట్లెక్కేస్తుంటారు, 60 ఉన్నవాళ్లు ఒక్క అంతస్తుకే కూలబడుతుంటారు. లోపం చాలాసార్లు కాళ్లలో ఉంటుంది. మంచం మీద ఉన్నకొద్దీ కండ కరుగుతుంది, మిగిలిన కండకు ఆక్సిజన్‌ని వాడుకునే శక్తీ తగ్గుతుంది. 1966లో డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచితే, వాళ్ల శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఇరవై ఏళ్లవాళ్ల సంగతే అది! ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ మంచినీళ్ల గ్లాసు కూడా చేతికే అందిస్తుంటే అరవై దాటినాయనకు బలం ఎక్కణ్నుంచి వస్తుంది?

అపోహ: వ్యాయామంలో ఆయాసం వస్తే వెంటనే ఆపేయాలి.

వాస్తవం: కొంచెం ఆయాసం రావాలి, లేకపోతే ఫలితం ఉండదు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ లెక్క. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లలో పల్స్ పెద్దగా పెరగదు, కాబట్టి వాచీలో అంకెను నమ్ముకోవద్దు. ఆరు నిమిషాల నడక పరీక్షలో చాలామంది మొదటి రెండు రౌండ్లు పోటీలో ఉన్నట్టు నడిచేసి, మూడో నిమిషానికి గోడ పట్టుకుంటారు. ఇంట్లో జరిగేదీ అదే. ఓపిక ఉన్న రోజు పనులన్నీ చేసేయడం, మర్నాడంతా పడుకోవడం. రోజూ కొంచెం కొంచెంగా నడవండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే మాత్రం అక్కడికక్కడే ఆపాలి.

అపోహ: ఇక జన్మలో బరువులెత్తకూడదు.

వాస్తవం: బైపాస్ తర్వాత ఛాతీ ఎముక అతుక్కునేదాకా, సుమారు 8 నుంచి 12 వారాలు, జాగ్రత్త తప్పదు. ఆ తర్వాత డాక్టరు సరేనంటే, ఊపిరి బిగబట్టకుండా తేలికపాటి బరువులతో మొదలుపెట్టొచ్చు.

అపోహ: ఏ నీరసమైనా నడిస్తే పోతుంది.

వాస్తవం: ఇది రిహాబ్ చేయించే మా వైపు నుంచి పుట్టిన అపోహ! రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగడం, డిప్రెషన్, మాత్రల డోసు... వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మాత్రల మీద అనుమానముంటే డాక్టర్ని అడగండి, సొంతంగా ఆపేస్తే ప్రమాదం. నిన్నటిదాకా తేలిగ్గా నడిచిన దూరం ఇవాళ నడవలేకపోయినా, కాళ్లు వాచినా, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఆ రోజు వ్యాయామం మానేసి డాక్టరుకి ఫోన్ చేయండి.