లాన్‌కి రోజూ నీళ్లు పెట్టకండి

ఎండలు ముదిరాయంటే చాలు, మన విశాఖలో ఎంవీపీ కాలనీ అయినా మధురవాడ అయినా, సాయంత్రం పైపు పట్టుకుని ఇంటి ముందు గడ్డిని ఓ ఐదు నిమిషాలు తడపడం చాలామందికి అలవాటు. గడ్డి మీద ప్రేమతోనే చేస్తారు, కానీ దానివల్ల గడ్డికి మేలు కంటే కీడే ఎక్కువ.

ఎందుకంటే ఆ తడి అంగుళం లోతు కూడా దిగదు. తడి ఉన్న మట్టిలోనే వేరు పెరుగుతుంది, ఎండిన మట్టిలోకి వెళ్లదు. రోజూ పైపైన తడిపితే వేర్లన్నీ పైనే ఉండిపోతాయి, మర్నాడు ఎండకి ముందుగా ఆరిపోయేదీ ఆ పై మట్టే. అలా కాకుండా వారానికి రెండుసార్లు, నీళ్లు ఐదారు అంగుళాలు దిగేలా పెట్టి చూడండి, వేర్లు కిందికి వెళ్తాయి. మన గరికకి ఆ సత్తా చాలా ఉంది, మట్టి గుల్లగా ఉంటే మీటరు దాటి కూడా దిగుతుంది.

ఎండాకాలంలో వారానికి మొత్తం 25 మిల్లీమీటర్ల నీళ్లు సుమారుగా సరిపోతాయి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు, కాబట్టి 20 చదరపు మీటర్ల లాన్‌కి వారానికి 500 లీటర్లు. మీ పైపుతో బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి చూసుకుంటే మిగతా లెక్క మీకే తెలిసిపోతుంది.

ఇక్కడ మన ఎర్రమట్టితో ఒక చిక్కుంది. ఎండి గట్టిపడితే నీళ్లు లోపలికి ఇంకకుండా రోడ్డు మీదికి పారిపోతాయి. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల నీళ్ల మీద బతికే ఊరు మనది, ఆ నీళ్లు కాలవలో కలుస్తుంటే నిజంగా బాధేస్తుంది. పారడం మొదలవగానే కట్టేసి, అరగంట ఆగి, మళ్లీ పెట్టండి. బీచ్ దగ్గర ఇసక నేలైతే నీళ్లు నిలవవు, అదే కోటాని మూడుసార్లుగా ఇవ్వాలి.

తెల్లారగట్ల పెట్టడం మంచిది. పొద్దెక్కితే సముద్రపు గాలి లేచి స్ప్రింక్లర్ తుంపర్లని పక్కింటి గోడ మీదికి కొట్టేస్తుంది, మధ్యాహ్నం పెడితే కొన్ని నీళ్లు ఆవిరి ఖాతాలోకే. సాయంత్రం తడిపితే ఈ ఉక్కపోత గాలిలో ఆకులు రాత్రంతా తడిగానే ఉంటాయి, బూజు తెగుళ్లకి కావాల్సింది అదే. ఉదయం తడిసిన ఆకు ఎండ రాగానే ఆరిపోతుంది.

నీళ్లు ఎప్పుడు పెట్టాలో గడ్డే చెబుతుంది. దాని మీద నడిచి వెనక్కి చూడండి, ఆకులు వెంటనే పైకి లేస్తే కణాల్లో నీళ్లున్నట్టే, ఆ రోజుకి పైపు తీయకండి. అడుగులు అలాగే పడి ఉండి, రంగు కాస్త బూడిదగా మారితే మర్నాడు పొద్దున్నే పెట్టేయండి.

తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కొంచెం కొంచెం పెట్టడం మరీ ప్రమాదం, నీరు ఆవిరై ఉప్పు వేర్ల దగ్గరే పేరుకుంటుంది. అప్పుడప్పుడూ బాగా ఎక్కువగా పారిస్తే ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. గరిక, జోయ్‌సియా గడ్డి రెండూ ఉప్పుని బాగానే తట్టుకుంటాయి, బీచ్ వైపు కొత్తగా లాన్ వేసేవాళ్లు వీటినే ఎంచుకోండి.