స్టీరింగు పట్టించిన నేరాలు: ఇచ్ఛాపురం నుంచి నాతవలస దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లా పేజీలు చదివేవారికి ఒక వార్త కంఠతా వచ్చేసి ఉంటుంది. జాతీయ రహదారిపై మితిమీరిన వేగంతో వెళ్తున్న కారును పోలీసులు ఆపబోతే, అది ఆగకుండా బారికేడ్‌ను గుద్దుకుంటూ దూసుకుపోయి, కొంత దూరంలో డివైడర్‌ ఎక్కి నిలిచిపోతుంది. లోపలివారు పక్కనున్న జీడితోటల్లోకి పరుగు తీస్తారు, డిక్కీ తెరిస్తే గంజాయి ప్యాకెట్లు బయటపడతాయి. దొంగ ఖర్మ కాలిందని అనుకుని మనం పేజీ తిప్పేస్తాం. అయితే ఇందులో ఖర్మ పాలు తక్కువ. రోడ్డు మారిన తీరు, చెక్‌పోస్టులు మారిన తీరు, చట్టాల్లో శిక్షలు పెరిగిన తీరు కలిసి ఈ వార్తను పదే పదే రాయిస్తున్నాయి.

అడ్డదిడ్డంగా బండి నడపడం మన దేశంలో మోటారు వాహనాల కంటే పాత నేరం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 279వ సెక్షన్‌ రాసేనాటికి రోడ్డు మీద ఉన్నవి గుర్రబ్బండ్లు, ఎడ్లబండ్లే. దానికి ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా విధించవచ్చన్నారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నేరం 281వ సెక్షన్‌ అయింది గానీ, జరిమానా మాత్రం ఆ వెయ్యి దగ్గరే ఆగిపోయింది. నూట అరవై ఏళ్లు దాటినా ధర పెరగని సరుకు మన దేశంలో ఇదొక్కటేనేమో. మోటారు వాహనాలకు వేరుగా 1914లో, 1939లో, 1988లో చట్టాలు వచ్చాయి. వాటితో రిజిస్ట్రేషన్‌, లైసెన్సు, నంబరు ప్లేటు అనే మూడు ఆనవాళ్లు బండికీ మనిషికీ అతుక్కున్నాయి. ఆ ఆనవాళ్లను అడిగే అధికారం రోడ్డు మీది పోలీసుకు దక్కిన రోజే, చిన్న తప్పు దగ్గర ఆపి పెద్ద నేరాన్ని బయటికి లాగే వీలు ఏర్పడింది.

ప్రపంచం ఎరిగిన కొన్ని పెద్ద కేసులు ఇలాగే తేలాయి. అమెరికాలో వరుస హత్యలు చేసిన టెడ్‌ బండీ 1975 ఆగస్టు 16 తెల్లవారుజామున యూటాలో పెట్రోలింగ్‌ అధికారిని చూసి కారు వేగం పెంచాడు. వెంటాడి ఆపి వెతికితే అందులో సంకెళ్లు, తాడు, ముసుగు దొరికాయి. ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి గాలించినా చిక్కని వరుస హంతకుడు పీటర్‌ సట్‌క్లిఫ్‌ 1981 జనవరిలో షెఫీల్డ్‌లో దొంగ నంబరు ప్లేటుతో దొరికిపోయాడు. 1995 ఏప్రిల్‌ 19న ఓక్లహోమా సిటీలో బాంబు పేల్చి 168 మందిని చంపిన తిమోతీ మెక్‌వే, గంటన్నర తిరక్కముందే, కారుకు ప్లేటు లేదన్న కారణంతో పట్టుబడ్డాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది వీరిలో బండీ ఒక్కడే. మిగిలిన ఇద్దరిదీ వాహనం విషయంలో చూపిన అలక్ష్యం. మన జిల్లాల్లో ఈ రెండు రకాలూ కనిపిస్తాయి, మొదటిది మాత్రం మరీ ఎక్కువ.

కారణం తెలియాలంటే రోడ్డు చూడాలి. ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రంలో అడుగుపెట్టి సోంపేట, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం మీదుగా విశాఖ వైపు సాగే దారిని పెద్దవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డనే అంటారు. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది పదహారు అయింది. స్వర్ణ చతుర్భుజి పథకానికి ముందు అది రెండు వరుసల రోడ్డు. ఎదురుగా లారీ వస్తే ఎవరైనా వేగం తగ్గించక తప్పేది కాదు, ఊరు వచ్చిన ప్రతిచోటా బండి నెమ్మదించేది. నాలుగు వరుసలై, ఊళ్లకు బైపాస్‌లు పడి, నరసన్నపేట–రణస్థలం మధ్య ఆరు వరుసలు కూడా అయ్యాక ఆ అడ్డు తొలగిపోయింది. మరోవైపు ఒడిశా సరిహద్దు నుంచి దిగే దారులన్నీ చివరికి ఈ రోడ్డులోనే కలుస్తాయి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా వచ్చేది ఒకటి. రాయగడ వైపు నుంచి రామభద్రపురం, రాజాం మీదుగా చిలకపాలెం చేరేది మరొకటి. కోరాపుట్‌ నుంచి సుంకి ఘాట్‌ దిగి సాలూరు, గజపతినగరం, విజయనగరం దాటి నాతవలసలో కలిసే 26వ నంబరు జాతీయ రహదారి మూడోది.

ఈ దారుల్లో దొంగసరుకు నడవడం కొత్త కాదు. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చి 1997లో పోయేవరకు ఒడిశా సారా, సీసాలు సరిహద్దు దాటేవి. ఆ తర్వాత కూడా ఇక్కడ మద్యం ధర పెరిగినప్పుడల్లా ఆ రాకపోకలు మళ్లీ ఊపందుకునేవి. గంజాయిది వేరే లెక్క. విశాఖ మన్యంలో 2021 చివర్లో ‘ఆపరేషన్‌ పరివర్తన’ పేరుతో తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల సరుకును ఒకేసారి తగలబెట్టారు. ఒడిశా కొండల్లోని సాగు మాత్రం మిగిలింది. అక్కడి సరుకు దక్షిణాదికి చేరాలంటే మన రెండు జిల్లాల రోడ్లే దగ్గరి దారి.

ఒకప్పుడు ఇచ్ఛాపురం దగ్గరి పురుషోత్తపురం చెక్‌పోస్టులో పన్నుల కాగితాల కోసం లారీలు బారులు తీరేవి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ పన్నుల తనిఖీ పోయింది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్‌ తప్పనిసరి కావడంతో మడపాం, నాతవలస టోల్‌గేట్ల దగ్గర ఆగే సమయమూ తగ్గిపోయింది. అందరినీ ఆపే రోజులు పోయాక, ఎవరిని ఆపాలో పోలీసే ఎంచుకోవాల్సి వచ్చింది. వేల బండ్లు పోయే రోడ్డు మీద చీకట్లో నిలబడిన కానిస్టేబుల్‌కు కనిపించేవి రెండే, నంబరు ప్లేటూ నడిపే తీరూ. దూకుడుగా నడిపేవాడు తనను తానే వరుసలోంచి వేరు చేసి చూపించుకుంటున్నాడు.

అంత తెలిసీ ఎందుకు దూకుతాడు? శిక్షల లెక్క చూస్తే అర్థమవుతుంది. ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌ కింద మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా తప్పవు. బెయిలు దొరకడం మహా కష్టం. బండి కూడా జప్తవుతుంది. ముందు పైలట్‌ కారు వెళ్తూ ఫోన్‌లో దారి చెబుతుంటే వెనక సరుకు బండి తోలేవాడు చాలాసార్లు కిరాయి మనిషే. ఎదురుగా టార్చిలైటు ఊగగానే వాడి ముందు ఐదు వేలూ పదేళ్లూ నిలబడతాయి. ఆ క్షణంలో వాడు బ్రేకు తొక్కకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నంబరు ప్లేటు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2019 ఏప్రిల్‌ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి అయింది. బండ్ల వివరాలు ‘వాహన్‌’ డేటాబేస్‌లోకి చేరాయి. పూర్వం సీ బుక్కు చూపించి బుకాయించేవారి పప్పులు ఇప్పుడు సెల్‌ఫోన్‌ ముందు ఉడకడం లేదు. దారిలో ప్లేట్లు మార్చేవాడు ఫోన్‌ తెర మీద కారు రంగు దగ్గరో కంపెనీ దగ్గరో దొరికిపోతాడు.

అసలు చిక్కు పట్టుకున్న తర్వాత మొదలవుతుంది. పత్రికల్లో రెండు వాక్యాలు ఒకే అర్థంలో వాడేస్తుంటాం, ‘విశ్వసనీయ సమాచారం మేరకు’ అని ఒకటి, ‘వాహన తనిఖీల్లో భాగంగా’ అని ఇంకొకటి. కోర్టులో ఈ రెండింటి మధ్య కేసు నిలవడానికీ వీగిపోవడానికీ ఉన్నంత దూరం ఉంది. ముందస్తు సమాచారం ఉంటే మాదకద్రవ్యాల చట్టం 42వ సెక్షన్‌ ప్రకారం దాన్ని రాతలో పెట్టి పై అధికారికి పంపాలి. ఏ సమాచారమూ లేకుండా, మామూలు విధి నిర్వహణలో వెతుకుతుంటే మత్తుపదార్థం తారసపడిందనుకోండి, ఆ క్షణం నుంచి మాత్రమే ప్రత్యేక చట్టం నియమాలు పాటించాలని సుప్రీంకోర్టు 1994లో బల్‌బీర్‌ సింగ్‌ కేసులో చెప్పింది. న్యాయవాదులు దీన్ని ‘ఛాన్స్‌ రికవరీ’ అంటారు. అతివేగం చూసి ఆపితే గంజాయి దొరికిన కేసులు ఈ కోవలోకి వస్తాయి. అయితే సమాచారం ఉండి కూడా లేనట్టు రాసినా, లేకపోయినా ఉన్నట్టు గొప్పకు రాసినా డిఫెన్స్‌ న్యాయవాదికి పండగే. 2021లో బూటా సింగ్‌ కేసులో, రోడ్డు మీద ఆగి ఉన్నా సొంత జీపు ‘పబ్లిక్‌ కన్వేయన్స్‌’ (ప్రజా రవాణా వాహనం) కాదు కాబట్టి 42వ సెక్షన్‌ పాటించాల్సిందేననీ, పాటించలేదనీ చెప్పి అదే కోర్టు నిందితులను విడిచిపెట్టింది. అందువల్ల మధ్యవర్తుల నివేదికలో (సాక్షుల ఎదుట రాసే పంచనామాలో) రాసే మొదటి నాలుగు వాక్యాలు కారును వెంటాడిన నాలుగు కిలోమీటర్లకంటే ముఖ్యమైనవి. ఆ వాక్యాలు అర్ధరాత్రి, వీఆర్వోను నిద్ర లేపి తెచ్చి, టార్చి వెలుగులో రాస్తుంటారన్నది కూడా మరవకూడదు.

వెంటాడటం మీద నాకు అభ్యంతరమే ఉంది. హైవే పక్క ఊళ్లవాళ్లు డివైడర్‌ సందుల్లోంచి పశువులతో, సైకిళ్లతో రోడ్డు దాటుతుంటారు. ఎచ్చెర్ల దగ్గర యూనివర్సిటీ పిల్లలు బస్సుల కోసం రోడ్డు వారనే నిలబడతారు. దొంగ నూట నలభైలో పోతున్నాడని పోలీసు జీపూ నూట నలభైలో పోతే ఆ పిల్లలకు రెండు ప్రమాదాలు ఎదురవుతాయి. బండి నంబరు తెలిసి, ముందున్న టోల్‌గేటుకు ఫోన్‌ చేసే వీలున్నప్పుడు దాన్ని అక్కడే ఆపించడం మేలు.

రాష్ట్రంలో 2024 చివర్లో మాదకద్రవ్యాల కట్టడికి ‘ఈగల్‌’ విభాగం ఏర్పాటైంది, సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు పెట్టారు. రోడ్డు మీద నిఘా బిగిసేకొద్దీ సరుకు చిన్న మూటలుగా విడిపోతోంది. 20 కిలోలకు లోపు ఉంటే శిక్ష తక్కువన్న లెక్క వారికీ తెలుసు. పలాస, శ్రీకాకుళం రోడ్‌, విజయనగరం స్టేషన్లలో రైలెక్కే మనిషి బ్యాగును ఒక బోగీలో పెట్టి తాను ఇంకో బోగీలో కూర్చుంటాడు. కారులోనే వెళ్లక తప్పనివారిలో అనుభవం ఉన్నవాళ్లు కుటుంబాన్ని వెంట తీసుకెళ్తున్నట్టు వెనక సీట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి, సీటుబెల్టు పెట్టుకుని, ఎనభై దాటకుండా, ఇండికేటర్‌ వేసి మరీ మలుపు తిరుగుతున్నారు.